సీఎంవీ పాజిటివ్ వచ్చింది, నాన్నగారి గ్లియోబ్లాస్టోమాకి వైరస్ మందు మొదలుపెట్టవచ్చా?

కడియం_మొక్క:
అందరికీ నమస్కారం. నాన్నగారికి 58 ఏళ్లు. ఫిబ్రవరిలో మెదడులో కుడివైపు టెంపొరల్ (కణత దగ్గరి) భాగంలో కణితి తీశారు. బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా, అంటే వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్ అని వచ్చింది. కణితి జన్యుపరీక్షల్లో ఐడీహెచ్ వైల్డ్ టైప్, ఎంజీఎంటీ మిథైలేషన్ లేదు అని ఉంది. ఆ తర్వాత రేడియేషన్, దాంతోపాటు టెమోజోలమైడ్ అనే కీమో క్యాప్సూల్స్ ఇచ్చారు. రేడియేషన్ అయిన రెండు నెలలకి ఎంఆర్‌ఐ తీస్తే, కాంట్రాస్ట్‌లో మెరిసే భాగం ముందుకంటే పెద్దదైంది. రిపోర్టు చివర "ప్రోగ్రెషన్?" (కణితి పెరిగిందా?) అని ప్రశ్నార్థకంతో రాశారు. ఆ ప్రశ్నార్థకం చూసినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

డాలస్‌లో ఉండే మా అన్నయ్య ఈలోగా ఏవో పేపర్లు చదివాడు. ఈ కణితుల్లో నూటికి తొంభైకి పైగా సైటోమెగలో వైరస్ (సీఎంవీ) ఉంటుందట. స్వీడన్‌లో దానికి వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే యాంటీవైరల్ మాత్రలు ఇస్తే రెండేళ్ల తర్వాత కూడా 90 శాతం మంది బతికే ఉన్నారట. అన్నయ్య పోరు పడలేక ఇక్కడ ల్యాబ్‌లో సీఎంవీ ఐజీజీ అనే యాంటీబాడీ రక్తపరీక్ష చేయించాం. పాజిటివ్ వచ్చింది, అంకె కూడా బాగా ఎక్కువ. "డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా ఆగడం ఎందుకు, మాత్రలు మొదలుపెట్టేయండి" అంటున్నాడు. నాకేమో భయం. అసలు ఈ కణితి వైరస్ వల్ల వచ్చిందా? ఇప్పుడు పెరుగుతున్నదీ దానివల్లేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ల్యాబ్_లచ్చి:
ముందు ఆ ఐజీజీ రిపోర్టు పక్కన పెట్టేయండమ్మా. నేను ల్యాబ్‌లోనే పనిచేస్తాను. మన దేశంలో పెద్దవాళ్లకి ఆ టెస్ట్ చేస్తే తొంభై శాతానికి పైగా పాజిటివే. మీకు చేసినా, మీ అమ్మగారికి చేసినా, వీధి చివర టీకొట్టు ఆయనకి చేసినా అదే వస్తుంది. చిన్నప్పుడు ఎప్పుడో వైరస్ ఒంట్లోకి వచ్చిందని చెబుతుందంతే. గర్భిణులకి చేసే టార్చ్ టెస్ట్‌లో "సి" అంటే ఈ వైరసే. అంకె ఎక్కువగా ఉంటే వైరస్ ఎక్కువగా ఉందని కాదు, యాంటీబాడీలు ఎక్కువని.

ఇప్పుడు వైరస్ రక్తంలో పెరుగుతోందా లేదా తెలియాలంటే వైరస్ డీఎన్ఏని వెతికే పీసీఆర్ చేయాలి. అది వేరే టెస్ట్. డాక్టర్ రాస్తేనే చేయించండి.

అడ్డప్రశ్న:
లచ్చిగారు చెప్పింది రక్తం సంగతి. వాళ్ల అన్నయ్య అడిగేది కణితి సంగతి. రెండూ ఒకటి కాదు. 2002లో అమెరికాలో చార్లెస్ కాబ్స్ బృందం గ్లియోమా (గ్లియోబ్లాస్టోమా కూడా ఉండే మెదడు కణితుల కుటుంబం) ముక్కల్లో ఈ వైరస్ ప్రోటీన్లు, డీఎన్ఏ చూపించింది. పక్కనున్న మామూలు మెదడులో అవి లేవు. 2008లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు కూడా గ్లియోబ్లాస్టోమాల్లో తొంభై శాతానికి పైగా ఉందన్నారు. వేరు వేరు ఊళ్లలో, వేరు వేరు ల్యాబ్‌లలో తేలిన విషయం ఇది. వాట్సాప్ వైద్యం అని కొట్టిపారేయకండి.

సూక్ష్మజీవి:
కొట్టిపారేయనక్కర్లేదు. పూర్తిగా ఒప్పుకోనూ అక్కర్లేదు. నేను తిరుపతిలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కాబ్స్‌గారి పేపర్ వచ్చాక చాలా ల్యాబ్‌లు అదే ప్రయోగం చేశాయి. కొందరికి వైరస్ కనిపించింది, కొందరికి ఒక్క ముక్కలో కూడా దొరకలేదు. దొరికినవాళ్లు "మామూలు పద్ధతిలో దొరకదు, వైరస్ చాలా కొద్దిగా ఉంటుంది, రంగు వేసే పద్ధతిని బాగా సున్నితం చేయాలి" అన్నారు. దొరకనివాళ్లు "అంత సున్నితం చేస్తే లేనిదీ కనిపిస్తుంది" అన్నారు. ఈ గొడవ తేల్చడానికే రెండు పక్షాలవాళ్లూ కూర్చుని 2012లో ఒక ఉమ్మడి ప్రకటన రాశారు. వైరస్ జన్యువులు, ప్రోటీన్లు చాలా గ్లియోమాల్లో ఉన్నాయనడానికి తగినంత ఆధారం ఉందనీ, అది కణితిని పెంచే పనిలో పాలుపంచుకునే వీలుందనీ, అయితే కారణమని చెప్పలేమనీ అందులో ఉంది.

ఆ తర్వాత కథ మారింది. కణితిలోని ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్ని చదివే యంత్రాలు వచ్చాయి. 2013లో అమెరికాలోని క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ సమాచారంలో వేల కణితులను వైరస్‌ల కోసం వెతికారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లో హెచ్‌పీవీ, కాలేయ క్యాన్సర్లో హెపటైటిస్ బి స్పష్టంగా బయటపడ్డాయి. గ్లియోబ్లాస్టోమాలో సీఎంవీ మాత్రం కనబడలేదు. ఈ వైరస్ జన్యుపటం చిన్నదేం కాదు, దాదాపు 2,35,000 అక్షరాలు. చురుగ్గా పనిచేస్తుంటే దాని జాడ అంత తేలిగ్గా తప్పిపోదు. ఇంకో చిక్కు ఉంది. ఈ వైరస్ నుంచి తీసిన ఒక చిన్న డీఎన్ఏ ముక్కని ప్రపంచంలోని ప్రతి జీవశాస్త్ర ల్యాబూ రోజూ వాడుతుంది, జన్యువులను గట్టిగా పనిచేయించే స్విచ్‌లాగా. అందుకే ఎక్కడైనా ఒకటి రెండు ముక్కలు దొరికితే కణితిలోవా, ల్యాబ్ బల్ల మీద నుంచి కలిసినవా అని ముందు అనుమానించాలి.

అడ్డప్రశ్న:
జంతువుల మీద చేసిన ప్రయోగాల సంగతేంటి మాస్టారూ? ఎలుకల్లో పెరిగిందని చదివాను.

సూక్ష్మజీవి:
పెరిగింది. నిజానికి ఈ సిద్ధాంతంలో నాకు ఆసక్తి కలిగించే భాగం అదే. 2013లో ఒక అమెరికన్ బృందం గ్లియోమా రావడానికి సిద్ధంగా జన్యుమార్పులు చేసిన ఎలుకలను తీసుకుంది. ఎన్ఎఫ్1, పీ53 అనే రెండు కాపలా జన్యువులూ చెడిపోయిన ఎలుకలవి. వాటికి ఎలుకల సీఎంవీ ఎక్కిస్తే త్వరగా చనిపోయాయి, స్టాట్3 అనే సంకేతమార్గం ఎక్కువగా పనిచేసింది. 2019లో ఇంకో పేపర్ వచ్చింది. వైరస్ ఉన్న ఎలుకల కణితుల్లో కొత్త రక్తనాళాలు ఎక్కువగా పుట్టాయి, వాటి చుట్టూ ఉండే పెరిసైట్ కణాలు కణితిలోకి చేరాయి. సిడోఫోవిర్ అనే యాంటీవైరల్ ఇస్తే ఆ పెరుగుదల తగ్గింది.

గమనించండి, రెండు చోట్లా కణితికి కావలసిన జన్యులోపం ముందే ఉంది. వైరస్ దానికి ఎరువైంది, విత్తనం కాలేదు. దీనికి ఆంకోమాడ్యులేషన్ అని పేరు. మామూలు కణాన్ని క్యాన్సర్ కణంగా మార్చకుండా, ఇప్పటికే క్యాన్సర్ అయిన కణాన్ని ఇంకా మొండిగా చేయడం. యూఎస్28 అనే వైరస్ ప్రోటీన్, ఐఈ1 అనే ఇంకోటి కణంలోని పెరుగుదల మార్గాలతో ఆడుకుంటాయని ల్యాబ్ ప్లేట్లలో చూపించారు. మన ఒంట్లోని ఐఎల్-10 అనే ప్రోటీన్‌ని పోలిన ఒక ప్రోటీన్‌ను కూడా ఈ వైరస్ తయారుచేసి రోగనిరోధక కణాలను జోకొడుతుంది. కాగితం మీద కథ అందంగా ఉంది. ఎలుకని దాటి మనిషి మెదడులో అదే జరుగుతోందా అన్న దగ్గరే ఆగిపోయింది.

కడియం_మొక్క గారూ, మీ పేరు చూసి అడుగుతున్నాను, నర్సరీ ఉందా మీకు? నీరసించిన మొక్క మీద బూజు పట్టడం చూసే ఉంటారు. బూజు వల్ల నీరసించిందా, నీరసించింది కాబట్టి బూజు పట్టిందా అని మీ నాన్నగారు నా కంటే బాగా చెప్పగలరు. గ్లియోబ్లాస్టోమా ఉన్నవాళ్లకి రోగనిరోధక శక్తి పడిపోతుంది. దాని మీద స్టెరాయిడ్లు, టెమోజోలమైడ్. నిద్రపోతున్న వైరస్ లేచే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

కడియం_మొక్క:
అవును మాస్టారూ, నాన్నగారిది నర్సరీయే. ధన్యవాదాలు. మరి ఆ స్వీడన్ 90 శాతం మాట?

లెక్కల_రాయుడు:
దానికి నేను చెబుతాను. క్లినికల్ ట్రయల్స్ గణాంకాలు చూడటమే నా ఉద్యోగం.

స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కాలో సోడెర్‌బర్గ్-నౌక్లేర్ అనే ప్రొఫెసర్ బృందం 42 మందితో ఒక ట్రయల్ చేసింది. లాటరీ వేసి కొందరికి వాల్‌గాన్‌సైక్లోవిర్, కొందరికి ఉత్తి మాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టర్‌కీ తెలియదు, రోగికీ తెలియదు. ఫలితం: కణితి పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బతికిన కాలం మధ్యస్థం మందు గుంపులో 17.9 నెలలు, ఉత్తి మాత్ర గుంపులో 17.4 నెలలు. అక్కడితో ఈ కథ అయిపోవాలి.

కానీ 2013లోనే వాళ్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్‌కి ఒక ఉత్తరం రాశారు. ట్రయల్‌లో మందు వాడినవాళ్లు, బయట ప్రత్యేక అనుమతితో వాడినవాళ్లు కలిపి 50 మంది. రెండేళ్లకి వీళ్లలో 62 శాతం బతికి ఉన్నారు, పోల్చడానికి తీసుకున్న పాత రోగుల్లో 18 శాతం. ఆరు నెలలు దాటాక కూడా ఆపకుండా వాడినవాళ్లలో 90 శాతం. మీ అన్నయ్య చదివిన అంకె ఇదే.

ఇప్పుడు ఆ 90లో ఉన్న బొక్క చూడండి. ఆరు నెలలు దాటాక కూడా మందు వాడాలంటే ముందు ఆరు నెలలు బతికి ఉండాలి. మాత్ర మింగగలిగేంత ఓపిక ఉండాలి. మూడో నెలలో జబ్బు ముదిరినవాళ్లు ఆ గుంపులోకే రారు. అంటే ఎక్కువకాలం బతికేవాళ్లనే ఏరి ఒకచోట పెట్టి, "చూశారా ఎక్కువకాలం బతికారు" అన్నట్టు. దీన్ని మా వాళ్లు ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు. ఆ ఉత్తరం రాగానే చాలామంది గణాంకవేత్తలు ఇదే ఎత్తిచూపారు.

ఉప్సలా_ఉప్మా:
స్వీడన్‌లో ఉంటాను కాబట్టి ఒక మాట. ఇక్కడ పేపర్లలో ఇది పెద్ద వార్తే అయింది, బాధితుల కుటుంబాలు ఆ మందు కోసం బాగా అడిగాయి. రాయుడుగారు చెప్పింది కరెక్టే గానీ, వాళ్లు అక్కడితో ఆగలేదు. 2020లో 102 మంది లెక్కతో మళ్లీ రాశారు, బతికిన కాలం మధ్యస్థం 24.1 నెలలు, పాత రోగులకి 13.3. ఈసారి మొత్తం గుంపు లెక్క ఇది, ఆరు నెలలు దాటినవాళ్లు మాత్రమే కాదు. తేడా తక్కువేం కాదు కదా?

లెక్కల_రాయుడు:
తక్కువ కాదు. కానీ ఇదీ లాటరీ వేయని లెక్కే. మందు ఎవరికి దక్కింది? అడగగలిగినవాళ్లకి, తిరగగలిగినవాళ్లకి, డాక్టర్‌కి ఇతను తట్టుకుంటాడు అనిపించినవాళ్లకి. గ్లియోబ్లాస్టోమాలో ఈ ఎంపిక ఒక్కటే కొన్ని నెలల తేడా తెచ్చేస్తుంది.

ఇదే జబ్బులో ఒక ఉదాహరణ. రిండోపెపిమట్ అనే టీకా. చిన్న ట్రయల్స్‌లో పాత రోగులతో పోలిస్తే అద్భుతంగా కనిపించింది. తర్వాత 745 మందితో లాటరీ వేసి పెద్ద ట్రయల్ చేశారు. ముఖ్యమైన గుంపులో టీకా వేసినవాళ్లకి 20.1 నెలలు, వేయనివాళ్లకి 20.0 నెలలు. పాత రోగులతో పోల్చి సంబరపడటం ఈ జబ్బులో ఎంత ప్రమాదమో ఆ రెండు అంకెలే చెబుతాయి. స్వీడన్ వాళ్లకీ ఈ సంగతి తెలుసు. అందుకే 2019లో 220 మంది కోసం ఉత్తి మాత్రతో పోల్చే కొత్త ట్రయల్ మొదలుపెట్టారు. పాత అంకెలు చాలి ఉంటే దాని అవసరమే ఉండేది కాదు.

మానుకోట:
అక్కా, నేను డాక్టర్‌ని కాదు. కిడ్నీ మార్పిడి అయినోడిని. ఈ గోలీలు నేను మింగిన. మార్పిడి అయినోళ్లకి సీఎంవీ లేవకుండా ఇస్తరు, మాకు ఇది నిజంగా అవసరమైన మందే. కానీ ఊరికే మింగే గోలీ కాదు. నాకు తెల్ల రక్తకణాలు ఎంత పడిపోయినయంటే, మందు ఆపి కౌంట్ పెరగడానికి సూదులు ఏసిన్రు. ప్రతి వారం బ్లడ్ టెస్టే. గోలీని విరగ్గొట్టొద్దు, పొడి చేతికి తగలొద్దు అని నర్సమ్మ గట్టిగా చెప్పింది. మీ నాన్నగారు కీమో గోలీలు కూడా మింగుతున్నరు కదా, రెండూ కలిస్తే కౌంట్ సంగతి ఏమైతదో డాక్టర్‌ని అడగకుండ ముట్టుకోవద్దు.

డాక్టర్_కపాలం:
మానుకోట చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. టెమోజోలమైడ్ ఎముక మజ్జని అణుస్తుంది, వాల్‌గాన్‌సైక్లోవిర్ కూడా అదే పని చేస్తుంది. ఇంట్లో చిన్నవయసు ఆడవాళ్లు మాత్రలు తీసి ఇస్తుంటే ఇంకో జాగ్రత్త. గర్భస్థ శిశువుకి హాని చేసే మందు ఇది.

నేను న్యూరోసర్జన్‌ని. అమ్మా, మీ పోస్ట్‌లో అందరూ వైరస్ పట్టుకున్నారు, నేను మాత్రం "రెండు నెలలకి" అన్న మాట దగ్గర ఆగాను. రేడియేషన్, టెమోజోలమైడ్ కలిపి ఇచ్చాక మొదటి మూడు నెలల్లో స్కాన్‌లో మెరుపు పెరగడం చాలా సాధారణం. ప్రతి ఐదుగురిలో ఒకరికైనా కనిపిస్తుంది. రేడియేషన్ దెబ్బకి రక్తనాళాలు కారి, వాచి అలా కనిపిస్తుంది, నిజమైన కణితి పెరుగుదల కాదు. దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటాం. అందుకే రేడియేషన్ అయిన మొదటి 12 వారాల్లో, రేడియేషన్ పడిన చోటు బయట కొత్త మెరుపు వస్తేనో, ముక్క తీసి రుజువైతేనో తప్ప ప్రోగ్రెషన్ అని తేల్చకూడదన్నది అంతర్జాతీయ నియమం. రేడియాలజిస్ట్ ప్రశ్నార్థకం పెట్టింది బద్ధకంతో కాదు, నిజాయితీతో.

అడగాల్సిన ప్రశ్న ఇది: రక్తప్రవాహాన్ని కొలిచే పెర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ చేస్తే ఉపయోగం ఉంటుందా? లేక కొన్ని వారాలు ఆగి మళ్లీ తీద్దామా? ఆ చోటికి రక్తప్రవాహం ఎక్కువగా ఉంటే కణితి అనుమానం పెరుగుతుంది, తక్కువగా ఉంటే రేడియేషన్ ప్రభావం అనుమానం పెరుగుతుంది. అదీ నూటికి నూరు కాదు.

ఇంకో మాట అన్నయ్యగారికి. ఇప్పుడు మీరు ఈ మాత్రలు మొదలుపెట్టి, ఇది సూడోప్రోగ్రెషనే అయి, రెండు నెలల్లో మెరుపు దానంతట అదే తగ్గితే, ఆ గొప్ప మందుదే అనుకుంటారు. ఇంటర్నెట్‌లో ఇంకో అద్భుత కథ చేరుతుంది.

అడ్డప్రశ్న:
అయితే డాక్టర్‌గారూ, మీ ప్రాక్టీసులో సీఎంవీ ఎప్పుడూ పట్టించుకోరా?

డాక్టర్_కపాలం:
పట్టించుకుంటాను, వేరే కారణంతో. రేడియేషన్, కీమో నడుస్తున్నప్పుడు లింఫోసైట్లు (ఒకరకం తెల్ల రక్తకణాలు) బాగా పడిపోతాయి. అప్పుడు కొందరిలో ఈ వైరస్ రక్తంలో లేచి కూర్చుంటుంది. మనిషి ఉన్నట్టుండి మందకొడిగా అయిపోతాడు, తికమక పడతాడు, ఎక్కువ నిద్రపోతాడు. ఇంట్లోవాళ్లు కణితి పెరిగిందనుకుంటారు, ఒక్కోసారి మేమూ అలాగే అనుకుంటాం. జర్మనీలో ఎర్లాంగెన్ వాళ్లు దీని మీద వరుసగా పేపర్లు రాశారు. స్కాన్‌లో కణితి పెరగకుండా మనిషి మాత్రం దిగజారుతుంటే, రక్తంలో సీఎంవీ పీసీఆర్ చేసి, వైరస్ బాగా ఉంటే యాంటీవైరల్ ఇవ్వడంలో అర్థం ఉంది. అక్కడ మనం వైరస్ జబ్బుకి వైద్యం చేస్తున్నాం, కణితికి కాదు.

మీ నాన్నగారి స్థితి ఎలా ఉంది? మాట, నడక, నిద్ర?

కడియం_మొక్క:
స్కాన్‌లో పెరిగినా మనిషి బాగానే ఉన్నారు డాక్టర్‌గారూ. పొద్దున్నే నర్సరీలోకి నడుస్తున్నారు, కూలీల లెక్కలు కూడా తప్పు లేకుండా చెబుతున్నారు. ఎడమ చెయ్యి మాత్రం కొంచెం బలహీనం, అది ఆపరేషన్ ముందు నుంచీ ఉంది. స్టెరాయిడ్ డోసు తగ్గిస్తున్నారు.

డాక్టర్_కపాలం:
మంచిదే. స్కాన్ కంటే ఆ లెక్కలు నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తున్నాయి. స్టెరాయిడ్ తగ్గుతూ మనిషి నిలకడగా ఉన్నాడన్న విషయం మీ ఆంకాలజిస్ట్‌కి తప్పకుండా చెప్పండి, నిర్ణయంలో అది లెక్కలోకి వస్తుంది.

నిప్పులాంటి_నిజం:
అసలు విషయం ఎవరూ మాట్లాడరు. పోలియో టీకాలో కోతి వైరస్ కలిసింది, అది మెదడు కణితులు తెస్తుందని అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇప్పుడు కోవిడ్ టీకాలో కూడా అదే ఎస్‌వీ40 పెట్టారు. వెతికి చూడండి, నిజం బయటపడుతుంది.

సూక్ష్మజీవి:
సగం నిజం, సగం మసాలా. 1955 నుంచి 1963 దాకా అమెరికాలో వేసిన పోలియో టీకాల్లో కొన్నిటిలో ఎస్‌వీ40 కలిసిన మాట నిజం. కోతి కిడ్నీ కణాల్లో టీకా పెంచేవారు, అందులోంచి వచ్చింది. 1960లో కనిపెట్టారు. ఆ వైరస్‌ని అప్పుడే పుట్టిన హామ్‌స్టర్ పిల్లలకి ఎక్కిస్తే మెదడు కణితులు వచ్చాయి, అదీ నిజం. మనుషుల్లో మాత్రం, ఆ టీకా వేసుకున్న తరాన్ని అమెరికాలో, డెన్మార్క్‌లో, స్వీడన్‌లో, జర్మనీలో దశాబ్దాల పాటు గమనించారు. మెదడు కణితులు పెరగలేదు. మనుషుల కణితుల్లో ఎస్‌వీ40 దొరికిందన్న పాత రిపోర్టుల్లో కొన్ని ల్యాబ్ ప్లాస్మిడ్ల (ప్రయోగాలకి వాడే డీఎన్ఏ ముక్కల) కల్తీ అని తర్వాత తేలింది. సీఎంవీ విషయంలో నేను బల్ల మీద ముక్కలని హెచ్చరించింది ఇందుకే.

కోవిడ్ మాట: ఆ గోల ఫైజర్ టీకా తయారీలో వాడిన, ఎస్‌వీ40 నుంచి తీసిన ఒక చిన్న డీఎన్ఏ ముక్క గురించి. మన దగ్గర జనం వేయించుకున్నవి ప్రధానంగా కోవిషీల్డ్, కోవాగ్జిన్. ఆ ఫైజర్ టీకా మన కార్యక్రమంలోనే లేదు. పూర్తి వైరస్ ఏ టీకాలోనూ లేదు.

మోడరేటర్:
టీకాల చర్చకి వేరే విభాగం ఉంది. ఇక్కడ ఒక కుటుంబం నిర్ణయం తీసుకోవాల్సి ఉంది, దయచేసి విషయం మీదే ఉండండి.

ల్యాబ్_లచ్చి:
విషయం మీదే ఒక మాట. మెదడు కణితికి వైరస్ నిజంగా కారణమయ్యే చోటు ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. హెచ్‌ఐవీ బాగా ముదిరినవాళ్లలో మెదడులో వచ్చే లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్). దాదాపు ప్రతి కేసులోనూ కణితి కణాల్లోనే ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) ఉంటుంది. మా దగ్గరికి వెన్ను నీరు వస్తే ఈబీవీ పీసీఆర్ చేస్తాం. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్న మనిషి మెదడులో రింగులాంటి మచ్చ కనిపిస్తే టీబీనా, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఇన్ఫెక్షనా, లింఫోమానా అని తల పట్టుకుంటారు. ఆ పీసీఆర్ పాజిటివ్ వస్తే లింఫోమా వైపు అనుమానం బలపడుతుంది. హెచ్‌ఐవీ మందులు అందుబాటులోకి వచ్చాక ఈ లింఫోమాలు బాగా తగ్గాయి. అంటే రోగనిరోధక శక్తి కోలుకుంటే వైరస్ కణితి పుట్టించలేకపోతోంది. కారణం అంటే ఇలా ఉండాలి: ప్రతిసారీ దొరకాలి, కణితి కణంలోనే దొరకాలి, వైరస్‌ని అదుపు చేస్తే జబ్బు తగ్గాలి.

సూక్ష్మజీవి:
లచ్చిగారూ, నేను నలభై నిమిషాల క్లాసులో చెప్పేది మీరు నాలుగు వాక్యాల్లో చెప్పారు. సీఎంవీ ఆ మూడు పరీక్షల్లో మొదటిదానిలోనే తడబడుతోంది.

ఇంకో వింత. చికెన్‌పాక్స్ వచ్చినవాళ్లలో గ్లియోమా కొంచెం తక్కువని శాన్‌ఫ్రాన్సిస్కో బృందం ఎప్పుడో చూసింది. 2016లో చాలా దేశాల్లో కలిపి నాలుగు వేలకి పైగా రోగులతో చేసిన అధ్యయనంలో కూడా 21 శాతం తక్కువ ప్రమాదం కనిపించింది. అదీ హెర్పిస్ కుటుంబపు వైరసే. అది నిజంగా కాపాడుతోందా, లేక మనిషి రోగనిరోధక వ్యవస్థ తీరే అలాంటిదా అన్నది వేరే కథ.

ఉప్సలా_ఉప్మా:
డ్యూక్ వాళ్లు ఈ వైరస్‌ని శత్రువుగా కాక గుర్తుగా వాడుకుంటున్నారు కదా? పీపీ65 అనే వైరస్ ప్రోటీన్‌ని డెండ్రిటిక్ అనే రోగనిరోధక కణాలకి నేర్పించి టీకా చేశారు. 2015లో వచ్చిన పేపర్‌లో ముందుగా టెటనస్ డోసు ఇచ్చినవాళ్లు ఎక్కువకాలం బతికారు.

లెక్కల_రాయుడు:
12 మంది. అంతే మంది. ఆలోచన నాకూ నచ్చింది, కానీ 12 మందితో ఏ కుటుంబమూ నిర్ణయం తీసుకోకూడదు.

డాక్టర్_కపాలం:
జనం ఇంకోటి కలిపేసుకుంటారు కాబట్టి చెబుతున్నాను. వైరస్‌నే మందుగా వాడేది వేరే దారి. హెర్పిస్ వైరస్‌ని మార్చి కణితిలోకి ఎక్కించే మందుకి జపాన్ 2021లో షరతులతో అనుమతి ఇచ్చింది, అదీ 19 మంది మీద చేసిన ట్రయల్ ఆధారంగా. దానికీ సీఎంవీ మాత్రలకీ సంబంధం లేదు. ఎవరైనా "మెదడు కణితికి వైరస్ వైద్యం" అని డబ్బు అడిగితే ఏ వైరస్, ఏ ట్రయల్, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని అడగండి. మన దేశంలో జరిగే ట్రయల్ అయితే, ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో నంబర్ ఉండాలి. లేకపోతే లేచి వచ్చేయండి.

కడియం_మొక్క:
నిన్న డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. మీరంతా రాసింది ప్రింట్ తీసుకెళ్లలేదు గానీ ప్రశ్నలు రాసుకెళ్లాను. పెర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ చేశారు. "ఎటూ తేలని ఫలితం, కానీ నిజమైన పెరుగుదల అనడానికి బలం తక్కువ" అన్నారు. ఆరు వారాల తర్వాత మళ్లీ స్కాన్. టెమోజోలమైడ్ ఆపలేదు. సీఎంవీ పీసీఆర్ గురించి అడిగితే, ఇప్పుడు లక్షణాలు లేవు కాబట్టి అవసరం లేదనీ, లింఫోసైట్లు మాత్రం తక్కువగానే ఉన్నాయి కాబట్టి తికమక, అతినిద్ర, జ్వరం వస్తే వెంటనే రమ్మనీ చెప్పారు. వాల్‌గాన్‌సైక్లోవిర్ వద్దన్నారు.

అన్నయ్య ఒప్పుకోలేదు. "ప్రమాదం తక్కువే కదా, వాడి చూస్తే పోయేదేముంది" అంటాడు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో గంటసేపు గొడవ. నాన్నగారు పక్క గదిలోంచి అంతా విన్నారు.

మానుకోట:
పోయేదేముందా? కౌంట్ పడిపోతే కీమో ఆపాల్సొస్తది. అది పోతది. మీ అన్నకి ఈ మాట చెప్పు అక్కా.

అడ్డప్రశ్న:
ఇంతసేపు ఎదురు వాదించాను, వైరస్ పాత్ర ఏదో ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఈ విషయంలో మానుకోటతో ఏకీభవిస్తాను. పనిచేస్తుందని రుజువైన మందుని ఆపే ప్రమాదం తెచ్చుకుని, రుజువు కాని మందుని మొదలుపెట్టడం బేరంలో నష్టమే. మీ అన్నయ్యని వచ్చే అపాయింట్‌మెంట్‌కి వీడియోలో కూర్చోపెట్టండి. దూరంగా ఉన్నవాళ్లకి చేతిలో పని లేక ఇంటర్నెట్ తవ్వుతారు. నేనూ అలాంటివాణ్నే.

కడియం_మొక్క:
అది బాగుంది, అలాగే చేస్తాం. ఇంకొక్క సందేహం. రేపు ఏదైనా ట్రయల్ దొరికితే కణితి ముక్క అడుగుతారంటున్నారు. అది ఎవరి దగ్గర ఉంటుంది? పారేసి ఉంటారా?

ల్యాబ్_లచ్చి:
పారేయరు. మైనపు దిమ్మలో పెట్టి దాస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలో బయాప్సీ నంబర్, ఐడీ కార్డు చూపించి దరఖాస్తు రాసిస్తే బ్లాకులు, స్లైడ్లు ఇస్తారు. మొత్తం బ్లాకులు ఒకేసారి తెచ్చుకోకండి, ఒకటి అక్కడే ఉంచమనండి. తెచ్చుకున్నవాటిని ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది. రిపోర్టులో ఏ బ్లాక్‌లో కణితి ఎక్కువగా ఉందో రాసి ఉంటుంది. లేకపోతే అక్కడి పాథాలజిస్ట్‌ని అడిగి ఆ నంబర్ రాయించుకోండి.